పోచమ్మ రాయి, లక్ష్మవ్వ కుండ

అశోక్‌నగర్‌లో పాత బంగళాలు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపుతున్న రోజులవి. నెత్తిన కాంక్రీటు తట్టతో మెట్లెక్కుతూ, సగంలో ఆగి, కింద నిలబడ్డ మేస్త్రీని తట్ట దించకుండానే నాలుగు తిట్టి, మళ్లీ పైకి ఎక్కగలిగిన మనిషి ఒక్క మాసమ్మే. పెళ్లయిన ఏడే పాలమూరు వదిలి పట్నం వచ్చింది. మొగుడు చెన్నయ్య ఇళ్లలో నేలకు షాబాద్ బండలు పరిచేవాడు. చేతిలో పని ఎంత చక్కగా ఉండేదో నోట్లో మాట అంత కరువు. ఆ ఇంటికి కావలసిన మాటలన్నీ మాసమ్మే మాట్లాడేది, మిగిలితే చిక్కడపల్లి కూరగాయల మార్కెట్లో ఖర్చు పెట్టేది.

వాళ్ల గుడిసె అశోక్‌నగర్ వెనక, నాలా ఒడ్డున. గల్లీ మొదట్లో పోచమ్మ గద్దె. గద్దె మీద పసుపు పూసిన అమ్మవారి రాయి. అక్కడి నుంచి నాలా వైపు దిగుతూ ఒకే వరుసలో ఇళ్లు. ఎవరి జాగా ఎక్కడంటే పోచమ్మ నుంచి లెక్క చెప్పాలి. పట్టాలు లేని బస్తీకి ఆ తల్లే సర్వేయరు. వరుసలో అందరికంటే కింద, నాలాకు ఆనుకొని బాలప్ప ఇల్లు. దాని పక్కనే పైన మాసమ్మ ఇల్లు.

బాలప్ప మట్టి తవ్వే కూలి. ఒంటిగాడు. పెళ్లాం లక్ష్మవ్వ తొలికాన్పులోనే పోయింది, బిడ్డా దక్కలేదు. ఆ కాన్పు చేసింది మాసమ్మే. కాన్పయ్యాక పడిన మాయను కొత్త కుండలో పెట్టి పొయ్యి వెనక పాతిపెట్టడం వాళ్ల ఊరి ఆచారం. తన కూతురు భాగ్యశ్రీ పుట్టినప్పుడు మాసమ్మ తన ఇంట్లో పాతిన కుండకు మట్టి మూకుడు మూతపెట్టింది. లక్ష్మవ్వ కుండకు ఆ రోజు మూకుడు దొరకలేదు. చెన్నయ్య ఒక షాబాద్ ముక్కను గుండ్రంగా చెక్కి ఇచ్చాడు. కుండ మీద మట్టి కప్పి మాసమ్మ చేతులు కడుక్కునేలోపు లక్ష్మవ్వ కన్ను మూసింది.

సారా బంద్ అయిన మరుసటి ఏడు వానాకాలం. పైన చెరువు నిండింది, తెల్లవారుతుండగా నాలా బస్తీ మీద పడింది. మొదటి దెబ్బకే మాసమ్మ ఇంటి వెనక గోడ లోపలికి కూలి, చెన్నయ్య పడుకున్న నులక మంచం మీద పడింది. మాసమ్మ అతన్ని జుట్టు పట్టి బయటికి లాగింది. భాగ్యశ్రీని చీర కొంగుతో వీపుకు కట్టుకుంది. బురద నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. రేకులు కత్తుల్లా తిరుగుతూ కొట్టుకొస్తున్నాయి. చచ్చిన బర్రె ఒకటి వచ్చి ఆమె నడుముకు తగిలింది. దాన్ని కాలితో తన్ని, కరెంటు స్తంభం పట్టుకొని, గల్లీ మొదటికి ఎక్కింది.

బస్తీ మొత్తం నారాయణగూడలో ఒక బడిలో తలదాచుకుంది. బాలప్ప ఒక్కడే రాలేదు. తన ఇంటి పక్కనున్న స్తంభానికి తాడుతో కట్టుకొని నీళ్లలోనే నిలబడ్డాడు. బడికి పోయేముందు చెన్నయ్య గల్లీ మొదటి నుంచి కేకేశాడు.

"రారా బాలప్పా! సస్తవురా!"

"నువ్వు పో అన్నా. లక్ష్మిని ఇడిసిపెట్టి నేను రాను."

బడిలో పులిహోర పొట్లాలు తింటూ అందరూ ఆ మాటే నమిలారు. లక్ష్మి ఎక్కడిది, వాడు జాగా కోసమే ఆగిండు, మనం పోంగనే నాలుగు కట్టెలు అవతలికి జరుపుతడు చూడుండ్రి, అన్నారు. ఆ మాట మాసమ్మ కడుపులోకి పోయి కూర్చుంది.

నీళ్లు తీశాక చూస్తే బస్తీ లేదు. మోకాలి లోతు ఒండ్రు, అందులోంచి అక్కడక్కడ పొడుచుకొచ్చిన రేకులు. నాలా ఒడ్డు ఎక్కడిదాకా కోసుకుపోయిందో తెలియదు. గద్దె లేదు. ఆడవాళ్లు ఏడుస్తూ వెతుకుతుంటే బురదలో పచ్చగా కనపడింది. అమ్మవారి రాయి! నిలువునా నిలబడే ఉంది!

ఆ క్షణంలో ఎవరూ ఇంకేమీ ఆలోచించలేదు. పూజ లేకుండా తల్లిని ఒక్క పూట ఉంచినా వాళ్లకు భయమే. కడిగారు, పసుపు పూశారు, బొట్టు పెట్టారు, వేపరెమ్మలు గుచ్చారు. బస్తీ లీడరు రమాకాంత్ కొబ్బరికాయ కొట్టాడు. గల్లీ మొదట్లో ఇసుక, కంకర అమ్ముకునేవాడు అతను.

"గద్దె కొట్టుకపోయింది, తల్లి మాత్రం కదల్లే. ఇంక దేవి ఈడనే. ఎవ్వరన్న రాయి మీద చెయ్యేస్తే చెయ్యి నరుకుత," అన్నాడు.

తల్లి కదల్లేదన్నది అందరికీ నచ్చింది. వెదురు కట్టె తీసుకొని రాయి నుంచి కిందికి కొలుచుకుంటూ ఎవరి జాగా వాళ్లు పట్టుకున్నారు. అందరిదీ కుదిరింది. మాసమ్మ దగ్గరికి వచ్చేసరికి కుదరలేదు. ఆమె జాగాలో బాలప్ప కూర్చొని ఉన్నాడు.

"లే బాలప్పా. ఇది నాది."

"నీది కాదు వదినె. నేను ఈడికెంచి కదల్లే. నా స్తంభం ఇదే, నా జాగ ఇదే."

"పోచమ్మ తప్పా? నువ్వు ఒప్పా?"

"పోచమ్మ నాకు తెల్వదు. నా లక్ష్మి ఈడుంది."

మాసమ్మకు బడిలో విన్న మాట గుర్తొచ్చింది. జరిపిండు, అనుకుంది. మరునాడు చెన్నయ్య నాలుగు మూలలా గుంజలు పాతాడు. పొద్దెక్కేసరికి బాలప్ప పీకేశాడు. మళ్లీ పాతాడు, మళ్లీ పీకాడు. మూడోసారి గుంజ పీకుతుంటే, మాట కరువైన చెన్నయ్య వెనక నుంచి వెళ్లి అతని మెడ పట్టుకున్నాడు. బాలప్ప విదిలించుకొని, చేతిలో ఉన్న గుంజతోనే తిప్పి కొట్టాడు. మోచెయ్యి విరిగిన చప్పుడు గల్లీ మొదటిదాకా వినపడింది. బండలు పరిచే కుడిచెయ్యి అది. చెన్నయ్య బురదలో పడి గొడ్డులా అరిచాడు.

పక్కింట్లో గోడలకు వేద్దామని తడిపిన సున్నం డబ్బా అక్కడే ఉంది. మాసమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి బాలప్ప మొహాన కొట్టింది.

అతను కళ్లు మూసుకొని మోకాళ్ల మీద కూలబడ్డాడు. అప్పటిదాకా చూస్తూ నిలబడ్డ మగవాళ్లకు చేతులొచ్చాయి. కట్టెలతో, కాళ్లతో కుమ్మేశారు. లైబ్రరీకి పోతున్న హాస్టల్ పిల్లలు పుస్తకాలు పక్కన పెట్టి అడ్డం పడితేగానీ ఆగలేదు. నెత్తురు, సున్నం కలిసి బాలప్ప మొహం బొట్లు పెట్టిన గుమ్మంలా అయింది. పోలీసులు వస్తే రమాకాంత్ టీ తాగించి పంపించాడు.

చెన్నయ్య చేతికి వెదురుబద్దలు కట్టారు. సర్కారు దవాఖానలో బాలప్పకు ఒక కన్ను పోయిందన్నారు. ఆ మాట వినగానే మాసమ్మ, "నా పెనిమిటి చెయ్యి పోలేదా?" అంది. అన్నం కలుపుకుంటూ ముద్ద ఎత్తలేక తన చేతులను చూసుకుంది. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో సున్నం పోలేదు.

ఆ జాగాలో మాసమ్మ ఇంటికి పునాది తవ్వే రోజు బాలప్ప వచ్చాడు. కంటికి గుడ్డ కట్టుకొని, తెచ్చుకున్న గడ్డపారను ఒళ్లో పెట్టుకొని, సరిగ్గా జాగా నడుమ కూర్చున్నాడు.

"తవ్వుకోండ్రి. నన్ను గూడ తవ్వి పారేయుండ్రి."

"లెవ్వురా! ఇంకో కన్ను గూడ పోవాల్నా?" అన్నాడు రమాకాంత్.

బాలప్ప లేవలేదు. రమాకాంత్ మనుషులు అతన్ని కాళ్లు పట్టి ఈడ్చి అవతల పడేసి, పారలు వేశారు. ఒండ్రు తీశారు. దాని కింద గట్టినేల తగిలింది. ఇంకొంచెం తవ్వితే పొయ్యి రాళ్లు. వాటి వెనక పార తగిలి టంగుమంది.

కుండ. దాని మీద గుండ్రంగా చెక్కిన షాబాద్ ముక్క.

"దొరికింది!" అని రమాకాంత్ చంకలు కొట్టుకున్నాడు. "చూడుండ్రి, మాసమ్మ బిడ్డ మాయకుండ! బండల చెన్నయ్య ఇంట్ల గాకుంటే బండమూత ఎవరింట్ల ఉంటదిరా? ఇంకేం కావాలె నీకు, దొంగ నాకొడకా!"

బస్తీ ఈల వేసింది. బాలప్ప అవతల బురదలో బోర్లా పడి ఉన్నాడు. తల ఎత్తి, ఉన్న ఒక్క కంటితో కుండను చూశాడు. తర్వాత మాసమ్మను చూశాడు. ఏమన్నా వినేవాళ్లు లేరు. చెన్నయ్య కట్టుచెయ్యి పట్టుకొని తల వంచుకున్నాడు. ఆ మూత తన చేతిదే. ఎవరి కుండకు చెక్కాడో అతనికి తెలుసు, మాసమ్మకు తెలుసు, బాలప్పకు తెలుసు. మొగుడూ పెళ్లాం నోరు మూసుకుంటే ఇల్లు లేస్తుంది.

భాగ్యశ్రీ తల్లి కొంగు పట్టుకొని, "అమ్మా, గిది మన ఇల్లేనా?" అని అడిగింది.

మాసమ్మ గుంటలోకి దిగింది. మూత మీద మట్టి తుడిచింది. నిలబడింది.

"ఇది నా బిడ్డది కాదు. లక్ష్మవ్వది. నా చేతుల్తోనే పాతిన."



"ఏందే, దిమాక్ ఖరాబైందా? పోచమ్మ నుంచి కొలిచినం గదా!" అన్నాడు రమాకాంత్.

"కొలిచినం. మరి పోచమ్మ నుంచి కొలిస్తే బాలప్ప పొయ్యి నా ఇంట్లకెట్లొచ్చింది?" మాట బయటికి వచ్చాకే దాని అర్థం ఆమెకు తట్టింది. మెల్లగా వెనక్కి తిరిగి గల్లీ పైన రాయి వైపు చూసింది. "అయ్యో… తల్లే కొట్టుకొచ్చింది. మనం బురదల ఉన్న తల్లికి ఈడనే పసుపు పూసినం. ఆడికెంచి కొలిచి అందరం కిందికి జరిగినం. వీడు ఒక్కడే జరగలే. జరగలేదని వీని కన్ను తీసిన!"

ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. తల్లి కొట్టుకురావడమేంది, లెంపలేసుకో అన్నారు. మాసమ్మ లెంపలేసుకోలేదు. గుంటలోంచి బయటికి వచ్చి, బాలప్ప పక్కన పడి ఉన్న గడ్డపార అందుకుంది. ఎటు పోతోందో అర్థమయ్యేలోపు రాయి దగ్గరికి చేరి, దాని మొదట్లో గడ్డపార దిగేసింది.

రమాకాంత్ కట్టె తీసుకొని ఆమె వీపు మీద కొట్టాడు. ముందుకు పడి, అమ్మవారి రాయికే నుదురు కొట్టుకుంది. నెత్తురు పసుపు మీద కారింది. రెండో దెబ్బకు కట్టె ఎత్తినవాడు దించలేకపోయాడు. వెనక నుంచి బాలప్ప ఆ కట్టెను పట్టుకున్నాడు. నిలబడటానికే ఊగుతున్నాడు, అయినా కట్టె వదల్లేదు.

"వదినెను పీకనీయ్. ఎవడన్న దగ్గరికొస్తే ఈడనే పాతుత."

రాయి కదిలింది. మాసమ్మ కొంగును చుట్టకుదురులా చుట్టి నెత్తిన పెట్టుకుంది. మామూలుగా తట్ట ఎత్తడానికి ఇంకొకరు సాయం పడతారు. ఆ రోజు ఎవరూ ముందుకు రాలేదు. చెన్నయ్య వచ్చాడు, ఎడమచేత్తో పట్టాడు. నెత్తిన తల్లి, మొహాన నెత్తురు. అపార్ట్‌మెంటు మెట్లు ఎక్కినట్టే మాసమ్మ గల్లీ ఎక్కింది. వెనక బస్తీ అంతా తిడుతూ నడిచింది.

పైన పాత గద్దె చోట రమాకాంత్ ఇసుక కుప్ప. దాని పక్కన అతను వానల తర్వాత లేపిన కొత్త రేకుల షెడ్డు.

"ఇసుక తియ్యి," అంది మాసమ్మ.

"నా మాల్ ముట్టుకుంటే…"

బాలప్ప అప్పటికే పార వేశాడు. మట్టి తవ్వేవాడికి ఇసుక ఎంత! తడి ఇసుక పక్కకు జారింది. అడుగున గచ్చు కనపడింది. పసుపు మరకలు, దీపం గూడు, నడుమ రాయి నిలిచే గుంట. పోచమ్మ గద్దె ఎక్కడికీ పోలేదు. వరద తీసిన మొదటి పొద్దునే దాని మీద లారీ ఇసుక దింపించిన మనిషికి ఆ సంగతి తెలుసు. అందరూ కిందికి జరిగితే పైన రోడ్డు పక్క జాగా తనకు మిగులుతుందనీ తెలుసు.

బాలప్పను కొట్టిన చేతులే రమాకాంత్ మీద పడ్డాయి. కొబ్బరికాయ కొట్టిన చెయ్యి అంటూ చేతులే విరగ్గొట్టారు. షెడ్డు రేకులు చీల్చారు. అతను మురుగు కాలువలో పాక్కుంటూ పోయాడు. మళ్లీ బస్తీ మొహం చూడలేదు. మాసమ్మ అటు తిరగను కూడా లేదు. తల్లిని గుంటలో దించి, కొంగుతో తన నెత్తురే తుడుస్తూ కూర్చుంది.

కట్టిన గోడలు మళ్లీ జరిపేది లేదన్నారు అందరూ. ఆమె అసలు జాగాలో పైవాళ్ల గోడ లేచింది, భాగ్యశ్రీ కుండ ఆ గోడ కిందనే ఉండిపోయింది. అందుకని గద్దె పక్కన, షెడ్డు ఉన్న చోట మాసమ్మ ఇల్లు కట్టుకుంది. నాలాకు దూరంగా, వరుసలో అందరికంటే ఎత్తైన జాగా. చెన్నయ్య మోచెయ్యి వంకరగానే అతికింది, బండలు పరిచే పని పోయింది. గుమ్మంలో ఒక్క బండ మాత్రం ఎడమచేత్తో తనే పరిచాడు. అది కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంటుంది.

ఆ ఇంటి పునాది తవ్వింది బాలప్ప. ఎవరూ పిలవలేదు. పొద్దున్నే వచ్చి, గుడ్డ కట్టిన కన్ను మాసమ్మ వైపు తిప్పుకొని, మాటామంతీ లేకుండా తవ్వాడు. ఎండ ఎక్కాక మాసమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి గుంట ఒడ్డున నిలబడింది.

"తాగు బాలప్పా."

"నీళ్లొద్దు వదినె. కన్నుంటే ఇయ్యి."

మాసమ్మ చెంబు గుంట ఒడ్డున పెట్టి పోయింది. సాయంత్రం వచ్చి చూస్తే పునాది పూర్తయింది. నాలుగు మూలలూ తాడు పెట్టినట్టు ఉన్నాయి. చెంబులో నీళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వాటి మీద సన్నగా మట్టి తేలుతోంది.