యాకూబ్ అంకుల్ మేనల్లుడు

ఆక్లాండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో సరుకులు కొని బయటికొస్తుంటే పక్క హోటల్ వంటగదిలోంచి పోపు వాసన వచ్చింది. కాగిన నూనెలో ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు, వాటి వెనకే చింతపండు పులుపు. ఖట్టీ దాల్. చేతుల్లో సంచులతో కాసేపు అక్కడే నిలబడిపోయాను. నాకది యాకూబ్ అలీ అంకుల్ ఇంటి వాసన.

అదే నగరంలోని ఆల్బనీలో చదువుకోవడానికి వచ్చిన కొత్తలో నేను ఆయన ఇంట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. ఆయన హైదరాబాదు మనిషి, ఆక్లాండ్‌లో ఏళ్ల తరబడి బస్సు నడిపారు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పట్టు తప్పాక ఉద్యోగం మానేయాల్సి వచ్చింది. భార్య అప్పటికే పోయారు. పని చేయలేనివారికి ప్రభుత్వం ఇచ్చే భృతి, అద్దెకు ఇచ్చే సాయం, ఆ రెండింటితోనే ఆయన ఇల్లు నడిచేది. ఇంటి ఓనరు అద్దె పెంచాక అంకుల్ భోజనంతో కలిపి నాకు గది అద్దెకిచ్చారు. స్టూలు మీద కూర్చుని ఒంటిచేత్తో వండేవారు. ఉల్లిపాయలు కోయడం నా పని. "సన్నగ కొయ్ బేటా, బస్సు టైర్లు చేస్తున్నవా ఏంది?" అనేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన వ్యాయామ చికిత్సకు వెళ్లినప్పుడు ఫోన్ మోగింది. భృతి ఇచ్చే ఆఫీసు నుంచి. ఆ ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా అని ఒకామె మర్యాదగా అడిగింది. నాకు కడపలో మా ఇల్లు గుర్తొచ్చింది. మునిసిపాలిటీ వాళ్లు ఇంటిపన్ను కోసం వస్తే, పన్ను పెరగకుండా పైవాటాలో అద్దెకున్నవాళ్లను "మా చుట్టాలు" అని చెప్పమని మా నాన్న నేర్పించాడు. చిన్నప్పుడు ఆ మాట గడగడా చెప్పి శభాష్ అనిపించుకున్నాను. అదే తెలివి ఇక్కడా పనికొస్తుందనుకున్నాను. "నేను ఆయన మేనల్లుణ్ణి. ఊరికే ఉంటున్నాను, డబ్బులేమీ ఇవ్వను" అన్నాను. ఫోన్ పెట్టేశాక అంకుల్‌ను కాపాడానన్న గర్వంతో టీ కూడా పెట్టుకున్నాను.

మర్నాడు ఆయనకు మళ్లీ ఫోన్ వచ్చింది. ఆయన చెప్పిన వివరాలూ తమకు అందిన వివరాలూ కలవడం లేదనీ, సంగతి తేలేదాకా అద్దె సాయం ఆగవచ్చనీ, వచ్చి కలవమనీ చెప్పారు. నేను ఆ ఇంట్లో చేరిన వారంలోనే ఆయన నా సంగతి ఆఫీసుకు చెప్పేశారని అప్పుడు తెలిసింది. ఆయన దిగులుగా గోడకానుకుని కూర్చున్నారు. "సాయం ఆగితే ఈ ఇల్లు ఇడవాల్సిందే. ఈ కాలుతోని యాడికి పోవాలె?" అన్నారు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. గదిలోకి వెళ్లి ఆల్బనీ వైపు వేరే గది కోసం వెతికాను. చెప్పిన అబద్ధం కంటే ఆ వెతుకులాటకే ఇప్పటికీ ఎక్కువ సిగ్గుపడతాను. సాయంత్రం ఆయన ఎప్పటిలాగే రెండు కంచాలు పెట్టి పిలిచారు. కంచం పక్కకు జరిపాను.

"అంకుల్, ఆ ఫోన్ ఎత్తింది నేనే. మీ మేనల్లుణ్ణని చెప్పినాను."

ఆయన చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశారు. "నీ పేరేంది?"

"వెంకట సుబ్బారెడ్డి."

"నా పేరు యాకూబ్ అలీ. నేను నీకు మేనమామ ఎట్లయిత రా?" అని, నవ్వాపుకోలేక దగ్గారు. నవ్వు తగ్గాక గొంతు మారింది. "నా మంచికే చెప్పినవ్, ఎర్కే. గని నన్ను దొంగను చేసినవ్. రేపు నువ్వే వచ్చి చెప్పు."

ఆఫీసులో ఎదురుగా కూర్చున్న పెద్దావిడకు నేను అబద్ధం చెప్పానని చెప్పాను. అక్కడి లెక్క ప్రకారం, నేను అద్దె పంచుకుని విడిగా వండుకునే ఫ్లాట్‌మేట్‌నైతే అంకుల్ వాటా అద్దె తగ్గుతుంది, సాయమూ తగ్గుతుంది. ఆయన వండిపెట్టి ఉంచుకున్న ఒకే ఒక్క అద్దెమనిషినైతే సాయం తగ్గదు. అందుకే ఆమె అడిగింది, "నిన్న రాత్రి ఏం తిన్నావు?"

"ఖట్టీ దాల్, అన్నం, బెండకాయ వేపుడు."

"ఎవరు వండారు?"

"ఆయనే. ఉల్లిపాయలు మాత్రం నేను కోశాను."

"లావుగ కోసిండు మేడమ్," అన్నారు అంకుల్ ఇంగ్లీషులో. ఆమె పగలబడి నవ్వింది. అంకుల్ మొదట చెప్పిందే సరైనదని రాసుకుని, భృతి గానీ అద్దె సాయం గానీ తగ్గదని చెప్పింది. బయటికొచ్చాక అంకుల్ నా భుజం మీద చెయ్యేసి బరువంతా ఆనించారు. "నడువు అల్లుడా, ఆకలైతుంది," అన్నారు.

చదువు పూర్తయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఆయన చివరిదాకా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా గుండెల మీద నుంచి బరువు దిగినట్టుంటుంది.

ఇప్పుడు బోటనీ డౌన్స్‌లోని మా ఇంట్లో కిరణ్ అనే విద్యార్థి ఉంటున్నాడు. మొన్న ఇంటి బీమా వాళ్లు ఫోన్ చేస్తే మా అమ్మాయి ఎత్తి, రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "డాడ్, ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడుగుతున్నారు. కిరణ్ గురించి వాట్ డు ఐ సే?" అంది.

"ఉంటాడని చెప్పు. అద్దె ఇస్తాడని, మనతోనే తింటాడని చెప్పు."

పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. కిరణ్ ఉల్లిపాయలు కోస్తున్నాడు, బాగా లావుగా.