షట్టర్ దించిన మధ్యాహ్నం

పోయిన నెల మనవరాలికి బడి యూనిఫాం కొందామని ఫిజీ రాజధాని సువాలో ఒక దుకాణానికి వెళ్లి, పైకప్పు చూసి ఆగిపోయాను. పొగకు నల్లబడ్డ ఆ చెక్కల కింద ఒకప్పుడు పేరున్న నైట్‌క్లబ్ నడిచేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో తెరిచారు. అన్ని జాతులవాళ్లూ ఒకే బ్యాండులో వాయించేవారు. కిటికీ ఒక్కటీ లేని హాలు. పగలు వెళ్తే నిన్నటి బీరు వాసన. మా మేనత్త అక్కడ పాడేది.

పెళ్లయిన రెండేళ్లకే భర్త పోయి, అత్త మా ఇంట్లోనే ఉండేది. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ అని ఇంట్లో చెప్పింది. ఉత్తరాన ఇంకో దీవిలోని లబాసా నుంచి వచ్చి సువాలో స్థిరపడ్డ మా నాన్న తెలుగువాళ్ల సంఘంలో పెద్దమనిషి, నమ్మేశాడు. అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. ఒకసారి నా కొత్త చీర కట్టుకెళ్లి, ఎవరి సిగరెట్టో తగిలి, కొంగుకు చిల్లితో తిరిగొచ్చింది. ఆ కోపంలో నాన్నతో చెప్పేశాను. అప్పటికి నాకు బ్యాంకులో ఉద్యోగం. చిన్నదాన్ని, తెలియక అన్నాను అనడానికీ లేదు.

ఇండియన్లు ఎక్కువగా ఉన్న ప్రభుత్వాన్ని సైన్యం పడగొట్టిన రోజులవి. ఊరంతా తలుపులు వేసుకుంటుంటే నాన్నకు పరువొక్కటే కనపడింది. నన్ను వెంటబెట్టుకుని రిహార్సల్ వేళకు క్లబ్బుకు వెళ్లాడు. మేము లోపల అడుగుపెట్టామో లేదో, వీధిలో గుంపు అరుపులు, అద్దాలు పగిలిన చప్పుడు. డ్రమ్ములు వాయించే ఫిజీ పెద్దాయన పరుగెత్తి ఇనుప షట్టర్ దించేశాడు. కాసేపటికి రేడియోలో కర్ఫ్యూ అన్నారు.

"తలుపు తియ్యి. మా చెల్లిని ఘర్ తీస్కపోవాల," అన్నాడు నాన్న.

"బైఠో భాయ్, బైఠో," అన్నాడాయన. బయట ఇండియన్ మొహం కనపడితే కొడుతున్నారని చెప్పి, ఇక్కడివాళ్లు మత్తుకు తాగే యంగోనా వేరు పొడి నీళ్లలో కలుపుతూ కూర్చున్నాడు.

కరెంటు పోయింది. గాలి ఆడలేదు. నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అత్త నా పక్కనే ఉంది, చెమటకు ముఖం మీద పౌడరు చారలు కట్టి. ఎవరు చెప్పారని అడగలేదు. అడిగేస్తే బాగుండుననిపించింది. షట్టర్‌కు రాయి తగిలినప్పుడల్లా నాన్న భుజాలు అదిరేవి. ఒకసారి వరసగా, ఆగకుండా పడ్డాయి. అప్పుడాయన తల తిప్పకుండానే అన్నాడు:

"చెల్లే, ఏదన్నా పాడు."

"ఇక్కడి పాటలు నీకు నచ్చవన్నా."

"ఏదైనా సరే. గొంతు బయటికి పోవద్దు. నాకు వినపడితే బస్."

ఆమె గొంతు తగ్గించి ఒక ఇంగ్లీషు డాన్సు పాట పాడింది. అయిపోగానే నాన్న "ఇంకోటి" అన్నాడు. రాళ్లు ఆగాక కూడా అన్నాడు.

పొద్దున కర్ఫ్యూ సడలాక ముగ్గురం నడిచి ఇల్లు చేరాం. గుమ్మంలో నాన్న, "పాడుకో. నేను అడ్డం రాను," అన్నాడు. అత్త తలూపింది. కానీ కర్ఫ్యూలు ఆగలేదు, బ్యాండువాళ్లు తలో దేశం పోయారు, క్లబ్బు మళ్లీ తెరవలేదు. అత్త దగ్గరి ఊరు నౌసోరిలో బట్టల కొట్టులో చేరింది.

చెప్పింది నేనేనని ఆమెతో అనడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. వంకాయలు తరుగుతూ, "ఆ రోజే తెలుసే. నువ్వు నా మొహం చూడలేదు కదా," అంది, అంతే.

అన్న సరేనన్న ఆ పొద్దున ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పాడే వయసు దాటలేదు, కాలమే దాటిపోయింది.