ఇంజన్ మీద టీ గ్లాసు

రోజూ పొద్దున్నే సువైలిమ్ తన పాత లారీ బానెట్ ఎత్తి, నడుస్తున్న ఇంజన్ మీద నిండు టీ గ్లాసు పెట్టేవాడు. మఆన్ ఊరి లారీవాళ్ల లెక్కలో టీ తొణక్కపోతే బండికి ఏ జబ్బూ లేనట్టే. రెండేళ్లుగా తొణుకుతోంది. అప్పటినుంచీ సగం తాగేసి, మిగతా సగంతో గ్లాసు పెడుతున్నాడు.

“హాజీ, టీ నువ్వు తాగావా, బండి తాగిందా?” అని తోటి డ్రైవర్లు ఏడిపించేవాళ్లు.

“చుక్క ఒలికిందా? నోర్మూసుకోండి!”

పొగ కక్కినప్పుడల్లా పిస్టన్ రింగులు మార్పించి తోలాడే తప్ప, ఇంజన్ మొత్తం విప్పించి, అరిగిన సిలిండర్ లోపలంతా చెక్కించి బోరు చేయించడానికి మనసొప్పలేదు.

ఇవాళ ఇంజన్ మొరాయించేసరికి మేస్త్రీ నాయిఫ్ విప్పాడు. సిలిండర్ లోపల వేలు తిప్పి నిట్టూర్చాడు. “నిరుడు తెచ్చుంటే నిలబెట్టేవాణ్ణి హాజీ. గోడ మొత్తం అరిగిపోయింది. ఇంక చెక్కడానికి ఇనుమేదీ?”

సువైలిమ్ మేస్త్రీ ఇచ్చిన టీ గ్లాసును, నిండుగా ఉన్నది ఉన్నట్టే, ఆ ఇంజన్ మీద పెట్టాడు.

టీ తొణకలేదు.