పర్లేదుగారి ఎన్నికల ప్రచారం

ఆ నియోజకవర్గం ఎమ్మెల్యేగారికి లోకంలో అన్నీ చేతనవును గానీ, తనకోసం ఎవరినైనా ఏదైనా అడగడం మాత్రం చేతకాదు. మంచినీళ్లు అడగలేరు. దారి అడగలేరు. టైమెంతయిందని కూడా అడగలేరు. ఒకసారి శాసనసభలో ఎక్కిళ్లు పట్టుకున్నాయి. పక్క సభ్యుడి ముందు నిండు నీళ్ల సీసా ఉన్నా అడగలేక, సభ వాయిదా పడేదాకా వెక్కుతూనే కూర్చున్నారు. మర్నాడు పేపర్లో ‘మంత్రి ప్రసంగానికి అడుగడుగునా అడ్డు తగిలిన సభ్యుడు’ అని వేశారు.

సెలూన్‌లో కూర్చుంటే అదొక గొడవ. “ఇంకొంచెం తగ్గించమంటారా?” అని సెలూనతను అడుగుతాడు. “పర్లేదు” అంటారీయన. ఆ ‘పర్లేదు’కి చాలనో, కానిమ్మనో అర్థం తెలియక అతను కత్తెర ఆడిస్తూనే ఉంటాడు. వెళ్లిన ప్రతిసారీ ఎమ్మెల్యేగారు బోడిగుండుకి వెంట్రుకవాసి దూరంలో ఇంటికొస్తారు. వానలో గొడుగివ్వబోతే పర్లేదు. కాలు తొక్కితే పర్లేదు. అందుకే ఊరంతా ఆయన్ని పర్లేదుగారు అని పిలుచుకుంటుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. పర్లేదనుకున్నారు.

ఈ తంతునంతా భరిస్తున్నది ఆయన భార్య. ఆవిడ చెప్పుల దుకాణం నడుపుతుంది. ఒకప్పుడు ఆ దుకాణంలో కూర్చున్నది ఆయనే. అప్పట్లో ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. గుమ్మంలో కాలు పెట్టినవాణ్ణల్లా “ఏం పని చేస్తారు? ఎడమ మడమ అంతలా అరిగిందేం? ఇంట్లోవాళ్లు ఒట్టికాళ్లతో తిరుగుతున్నారా?” అని అడిగి అడిగి, తనకోసం వచ్చినవాడి చేత ఇంటిల్లిపాదికీ జోళ్లు కొనిపించేవారు. మొదటి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు నిచ్చెనెక్కి సున్నం వేస్తున్నవాణ్ణి నిచ్చెన మీదే అడిగారు. స్నానం చేస్తున్నవాణ్ణి తలుపు సందులోంచి అడిగారు. సబ్బు నురగతోనే ఓటు ఖాయం చేసుకుని మరీ కదిలారు. గెలిచారు. గెలిచిన కొన్నాళ్లకే ఏమైందో ఏమో, ఆ నోరు కాస్తా మూతపడింది.

‘పదవొచ్చిందిగా, పొగరు’ అనుకుంది భార్య మొదట్లో. కానీ పొగరున్నవాడు ఇస్త్రీ పెట్టెకి కాలిన కాలరుతో ఊరేగడు. ఇంకో చొక్కా అడగలేక ఈయన అదే తొడుక్కుని వెళ్లిపోయేవారు. తర్వాత ఇదేదో గొంతు జబ్బని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరు లైటు వేసి గొంతంతా గాలించాడు. “గొంతు బంగారంలా ఉందమ్మా. ఆయనకేం కావాలో ఆయన్నే చెప్పమనండి.”

“చెప్తే మీదాకా ఎందుకొస్తానండీ? అదే కదా రోగం!” అందావిడ.

ఇలా ఉండగా మళ్లీ ఎన్నికలొచ్చి పడ్డాయి. ఎదుటి పార్టీవాళ్లు పళ్ల డాక్టర్ని నిలబెట్టారు. అడగడంలో ఆయన ఘటికుడు. రోగిని కుర్చీలో వెల్లకిలా పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, చేతిలో మిషను గిర్రున తిరుగుతుండగా “ఓటు మనకే కదండీ?” అని అడుగుతాడు. ఆ స్థితిలో మనిషన్నవాడు “ఆఁ” తప్ప ఇంకేం అనగలడు? ఆ ‘ఆఁ’లన్నీ ఓట్లకింద జమకట్టుకుని, డాక్టరు అప్పుడే గెలిచినట్టు తిరుగుతున్నాడు.

పర్లేదుగారి ప్రచారం బాధ్యత బావమరిది నెత్తిన పడింది. ఆయన కారు డ్రైవింగ్ నేర్పే బడి నడుపుతాడు. ఎప్పుడూ పక్కసీట్లో ప్రాణాలరచేత పట్టుకుని కూర్చునే అలవాటు వల్ల, ఇంట్లో ఉన్నా, వీధిలో ఉన్నా, ఎదుటివాడు కాస్త దారి తప్పగానే ఆయన కుడికాలు నేలకేసి బ్రేకు నొక్కుతుంది.

“ముందు ఇంట్లో నేర్చుకుందాం బావా,” అన్నాడు. “అక్కయ్యే ఓటరు. నువ్వు తలుపు కొట్టు.”

ఎమ్మెల్యేగారు ముందుగది తలుపు కొట్టారు.

“ఎవరండీ?” అంది భార్య లోపల్నుంచి.

“నేనే.”

“నేనంటే?”

“మీ ఆయన్ని.”

బావమరిది కాలు నేలని తొక్కింది. “బావా! ఆవిణ్ణి అక్కయ్యనుకోకు. నీకు బొత్తిగా తెలియని మనిషనుకో.”

“పాతికేళ్లనుంచీ అలాగే అనుకుంటున్నార్లే,” అంది భార్య.

ఆయన గొంతు సవరించుకున్నారు. “అమ్మా, ఈ ఎన్నికల్లో మీ అమూల్యమైన...” అని ఆగిపోయారు. నుదుటి మీద చెమట పట్టింది.

“ఊఁ, అమూల్యమైన?” బావమరిది చేతులూపాడు.

“మీ అమూల్యమైన కర్టెన్ చాలా బాగుందండీ.”

ఈసారి బావమరిది రెండు కాళ్లూ ఒకేసారి నొక్కాడు.

వీధుల్లోకి దిగాక పరిస్థితి ఇంకా దిగజారింది. మొదటింట్లో కుక్కని మెచ్చుకున్నారు. రెండో ఇంట్లో గేటుని మెచ్చుకున్నారు. మూడో ఇంటాయన మొండివాడు. “ఇంతకీ మీరొచ్చిన పనేమిటండీ?” అని నిలదీశాడు.

“ఊరికే, చూసిపోదామని.”

“ఏం చూసిపోదామని?”

ఎమ్మెల్యేగారు దిక్కులు చూశారు. గోడకి కరెంటు మీటరు కనిపించింది. “మీ మీటరు,” అన్నారు.

“హమ్మయ్య, ఇన్నాళ్లకి వచ్చారు!” అని ఆయన వీళ్లని లోపలికి లాక్కెళ్లి, ఫ్యాను ఆపేసినా మీటరు ఎలా తిరుగుతోందో చూపించాడు. ఎమ్మెల్యేగారు కరెంటాఫీసు మనిషిని రప్పించి దాన్ని మార్పించేదాకా కదల్లేదు. ఆ కబురు ఎలా పాకిందో గానీ, సాయంత్రానికి ఆ వీధిలో ప్రతి ఇల్లాలూ గుమ్మంలో నిలబడి “మా మీటరు కూడా చూడండి బాబూ” అని పిలవడమే. ఆ వీధిలో మీటర్లన్నీ బాగుపడ్డాయి. ఓటు మాట మాత్రం ఎత్తలేదు.

బహిరంగ సభ పెట్టారు. జనం బాగానే వచ్చారు. బావమరిది మైకు చేతికిచ్చి, వెనక నిలబడి “అడుగు బావా, అడుగు” అని గొణుగుతున్నాడు. ఎమ్మెల్యేగారు జనాన్ని కలయజూశారు. “నాకు మీరందరూ... మీరందరూ... పాపం ఎండలో ఉన్నారు. ఇళ్లకెళ్లండి,” అన్నారు.

జనం ఆయన మాట తీసెయ్యరు. వెళ్లిపోయారు.

ఆ రోజు బావమరిది చెప్పుల దుకాణంలో కూలబడి తల పట్టుకున్నాడు. “నావల్ల కాదక్కా. బ్రేకుల్లేని బండి నడిపాను గానీ, ఇంజనే లేని బండి నడపలేను.”

“రేపు నేనొస్తాను,” అంది భార్య. “బేకరీకి తీసుకెళ్తాను. ఎలా అడగరో చూస్తా.”

బస్సు డిపో వెనక వీధికి ఆ బేకరీ ఆవిడ మాటంటే గురి. పొద్దున్నే అందరూ అక్కడే బ్రెడ్డు కొంటారు, ఎవరికి ఓటెయ్యాలో కూడా అక్కడే తేల్చుకుంటారు. ఆవిడ కొడుకు చావుబతుకుల్లో ఉన్నప్పుడు, పెద్దాసుపత్రిలో చేర్పించి, ఆపరేషనయ్యేదాకా వరండాలో కాపలా ఉన్నది పర్లేదుగారే. ఆ కుర్రాడిప్పుడు పొయ్యి దగ్గర దిట్టంగా పనిచేసుకుంటున్నాడు. చిక్కల్లా ఒకటే. పళ్ల డాక్టరు ఆవిడకి స్వయానా అల్లుడు.

“అల్లుడైతే ఏం? కొడుకు ప్రాణం కంటే ఎక్కువా?” అంది భార్య దారిపొడుగునా. “మీరొక్క మాటంటే చాలు, ఆవిడ కాదనదు.”

“అవును, కాదనదు,” అన్నారాయన దిగులుగా.

వీళ్లు వీధి మలుపు తిరిగేసరికి బేకరీ ఆవిడ కౌంటరు దగ్గర నిలబడే ఉంది. వీళ్లని చూసిందో లేదో, గభాలున కౌంటరు కిందకి కూర్చుండిపోయింది. వీళ్లు లోపలికెళ్లి నిలబడ్డారు. దాక్కున్నావిడ ఎంతసేపని దాక్కుంటుంది? చివరికి ముక్కు మీద పిండితో పైకి లేచింది.

“రండి బాబుగారూ. రండమ్మా. కింద... కింద చెంచా పడిపోతే వెతుకుతున్నా.”

అని, చేతికందిన బ్రెడ్డు తీసుకుని కొయ్యడం మొదలుపెట్టింది. ముక్కలు కోసింది. ఆ ముక్కల్ని మళ్లీ కోసింది. తలెత్తకుండా వాటిని పొడి పొడి చేస్తూనే ఉంది.

భార్య మోచేత్తో పొడిచింది. “అడగండి.”

“వాసన బాగా వస్తోందమ్మా,” అన్నారాయన.

“ఆయనకి మొహమాటం. నేనడుగుతాను,” అని భార్య ముందుకు జరిగింది. “ఏం లేదమ్మా, ఈసారి ఓటు...”

“అడక్కు.”

భార్య వెనక్కి తిరిగింది.

“నిన్ను బతిమాలుకుంటున్నానే. అడక్కు. నాకోసం ఈ ఒక్కటీ చేసిపెట్టు,” అన్నారు ఎమ్మెల్యేగారు.

నోరు మూతపడ్డాక ఇన్నేళ్లలో ఆయన తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. బేకరీ ఆవిడ చేతిలో కత్తి ఆగింది.

“మీ అల్లుడుగారు మంచి డాక్టరమ్మా, చెయ్యి చాలా తేలికంటారు,” అని చెప్పి, ఆయన భార్యని వెంటబెట్టుకుని బయటికొచ్చేశారు.

బస్టాపు బెంచీ మీద కూలబడ్డాక ఆవిడ అడిగింది. “ఏమిటిదంతా? ఇవాళ చెప్తారా, చెప్పరా?”

ఆయన బెంచీ మీద ఆవిడ వైపు తిరిగారు. “గెలిచిన కొత్తలో మన ఊరి ఆసుపత్రి చూడ్డానికెళ్లాను, గుర్తుందా? అన్ని వార్డులూ తిరిగేసరికి కాళ్లు పీకాయి. ‘ఎక్కడైనా కుర్చీ ఉందా?’ అన్నాను. అనడమే తరువాయి, నలుగురు పరిగెత్తి ఎక్కణ్ణుంచో కుర్చీ పట్టుకొచ్చారు. కూర్చున్నాను. వెచ్చగా ఉంది.”

“వెచ్చగానా?”

“అప్పటిదాకా అందులో ఎవరో కూర్చుని ఉన్నారన్నమాట. తిరిగి చూస్తే, కాలికి కట్టుతో ఓ పెద్దాయన గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడున్నాడు. నేను కంగారుగా లేవబోతే, నావంక చూసి నవ్వి ఏమన్నాడో తెలుసా? ‘పర్లేదండీ, కూర్చోండి’ అన్నాడు.”

భార్య చేతిలోని కరపత్రాల కట్టని అటూ ఇటూ తిప్పింది.

“ఆ పర్లేదు ఇప్పటికీ చెవిలో మోగుతుందే నాకు. చెప్పులకొట్టువాడు అడిగితే జనం ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే ఫో అంటారు. ఎమ్మెల్యే అడిగితే ఎవరంటారు? కాదనలేనివాళ్లని అడగడం అడగడం కాదే, లాక్కోవడం. కొడుకు ప్రాణం గుర్తుచేసి ఆవిణ్ణి ఓటడిగితే, రేపు కూతురింటికి ఏ మొహం పెట్టుకుని వెళ్తుంది?”

ఓ బస్సు వచ్చి ఆగింది, వెళ్లింది. భార్య కొంగు సర్దుకుంది. పొగరనుకుంది, రోగమనుకుంది, చేతకానితనమనుకుంది. ఇది మాత్రం తట్టలేదు. కానీ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదావిడ.

“ఊళ్లోవాళ్లు కాదనలేరు, సరే. చొక్కా మార్చమని నన్నడగడానికేం? నేను కాదనలేనా?”

“నువ్వు కాదంటావు, ఆ ధైర్యముంది. మరి నోటికి అలవాటు తప్పిపోయింది.”

“దానికి ఇన్నాళ్లు కాలిన కాలరేసుకు తిరిగారా మనిషీ!” అని చేతిలో ఉన్న కరపత్రాల కట్టతో ఆయన భుజం మీద ఒక్కటేసింది. వేశాక నవ్వాగలేదు. ఆయనా నవ్వారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, ఎమ్మెల్యేగారిని పెళ్లాం బజార్లో కొడుతోందని ఆసక్తిగా దగ్గరికి జరిగారు.

ఇంటికెళ్లి ఆవిడ తమ్ముడికి తేల్చి చెప్పేసింది. “ఇక ఎవర్నీ ఓటడగడం లేదురా. బాగోగులు కనుక్కుంటాం, వచ్చేస్తాం.” బావమరిది కాళ్లతోపాటు చేత్తో హ్యాండ్‌బ్రేకు కూడా లాగాడు. అయినా ఆ బండి ఆగలేదు. పోలింగు దాకా మొగుడూ పెళ్లాలు వీధివీధీ తిరిగి మీటర్లూ, కొళాయిలూ, మెట్లు విరిగిన గుమ్మాలూ చూసొచ్చారు.

ఫలితాలొచ్చాయి. పర్లేదుగారు ఓడిపోయారు. తేడా తక్కువే గానీ, ఓటమి ఓటమే. పళ్ల డాక్టరు పూలదండతో సహా ఇంటికొచ్చి, పెద్దవారు, ఏదైనా సలహా చెప్పమన్నాడు.

“ఒక్కటేనండి,” అన్నారాయన. “ఇకమీదట ఎవర్నైనా ఏదైనా అడగాలంటే, ముందు వాళ్ల నోట్లోంచి చెయ్యి తీసి అడగండి.”

డాక్టరు ఎర్రబడి “ఆఁ” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దమనిషి ఇంట్లో కనబడలేదు. ఓటమి దిగులుతో ఎటు వెళ్లిపోయారోనని భార్య దుకాణం మెట్ల మీద నిలబడి వీధి రెండు చివరలూ చూస్తోంది. అంతలో మలుపులోంచి ఆయనొచ్చారు. ఉత్త చేతులు. మొహం మాత్రం దీపంలా వెలిగిపోతోంది. గెలిచిన రోజు కూడా ఆవిడ అంత వెలుగు చూడలేదు.

“ఎక్కడికెళ్లారు?”

“బేకరీకి. ‘అమ్మా, ఒక కేకు ముక్క ఊరికే ఇస్తారా?’ అని అడిగాను.”

“అడిగారా! ఇచ్చిందా?”

“నడుం మీద చేతులేసుకుని నన్ను పైనుంచి కిందకి చూసింది. ‘బోణీ కాకుండానే ఊరికేనా? భలేవారే, కుదరదు! ముందు ఆ క్యూలో నిలబడండి’ అంది.” ఆయన ఆనందంతో చప్పట్లు చరిచారు. “కాదందే! అందరి ముందూ, మొహం మీదే కాదంది!”

అని, నిలబడ్డచోటే ఓ క్షణం ఆలోచించి, మళ్లీ వీధిలోకి తిరిగారు.

“మళ్లీ ఎక్కడికి?”

“ఆ వరసలో ఇంకా చాలా కొట్లున్నాయి,” అంటూ పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వెళ్లిపోయారు.