మిరప ఎరుపు ఆపిన వెలుతురు

ఆ రోజు పదిమంది ముందు ఒక రైతమ్మ మాట అబద్ధమన్నాను. ఆమెది మా అమ్మ వయసు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెలకు వస్తున్న రోజులవి. గుంటూరులో మా ల్యాబులో రెండేళ్లు కష్టపడి, పంటలో పురుగుమందు జాడ పట్టే గాజు పలక ఒకటి తయారుచేశాను. దాని మీద కంటికి ఆనని నానో రేణువుల పొర, ఆ పైన ఎంజైము. దీపం వేస్తే రేణువుల్లో కరెంటు పుడుతుంది. ఎంజైము చురుగ్గా పనిచేస్తే అది పెరుగుతుంది. పురుగుమందు తగిలితే ఎంజైము మొద్దుబారి కరెంటు పడిపోతుంది. ఆ పలక అంటే నాకు ఇప్పటికీ గర్వమే. అప్పుడు మరీ ఎక్కువ.

వేప కషాయం తప్ప ఇంకేమీ కొట్టమని ఒట్టేసుకున్న ఆడవాళ్ల సంఘం ఒకటుంటే, పరికరం చూపిద్దామని వాళ్ల కల్లానికి వెళ్లాను. ఆ రైతమ్మ ఆరబోసిన మిరపకాయలు నూరి, స్పిరిట్‌లో సారం తీసి, పలక మీద చుక్క వేశాను. మీటరు ముల్లు పడిపోయింది.

"మందు కొట్టారమ్మా," అన్నాను.

"ఏ మందయ్యా? కషాయం తప్ప నా చేలో చుక్క పడలా."

"మిషను అబద్ధం చెప్పదు."

"అయితే నేను చెప్తన్నానా?"

పక్కావిడ అందుకుంది. "మాట తప్పినోళ్లని సంఘంలోంచి తీసేద్దామంది నువ్వే గదే!"

ఆమె నా వైపు తిరిగి, "కాయ ఎరుపన్నా చూడయ్యా. మందుల కాయకి ఇంత రంగొస్తదా?" అంది. నేను సర్దుకుని వచ్చేశాను.

బస్సులో నా వేళ్లు చూసుకున్నాను. ఎంత కడిగినా ఎరుపు వదల్లేదు. ల్యాబుకు వెళ్లగానే ఎంజైము పూయని పలక మీద అదే సారం వేశాను. మందును పట్టే ఎంజైమే లేకపోయినా కరెంటు అంతే పడిపోయింది. దీపానికీ రేణువులకూ మధ్య ఆ ఎర్రటి చుక్క అడ్డం నిలిచింది. ముందే చేసి చూడాల్సిన పరీక్ష అది. గొప్ప చూపించుకునే తొందరలో వదిలేశాను. ఎంజైము పూసిన పలక తీసుకుని, తిప్పి, చుక్క వేసిన వైపు కాకుండా గాజు వెనక నుంచి వెలుతురు పంపాను. ఈసారి ముల్లు కదల్లేదు. పురుగుమందు బొట్టు వేస్తే మాత్రం పడింది.

మర్నాడు పొద్దున్నే కల్లానికి వెళ్లి వాళ్లందర్నీ పిలిచాను. "నిన్న తప్పు నాది. ఈ అమ్మ చెప్పిందే నిజం," అని ఆమెకు దణ్ణం పెట్టాను. ఎంజైము ఉన్నదీ లేనిదీ రెండు పలకలూ చూపించి, జరిగింది చెప్పి, వెనక నుంచి వెలుతురు పెట్టి చుక్క ఆమె చేతే వేయించాను. ముల్లు నిలబడింది.

"నా కాయ నీ దీపానికే అడ్డం నిలబడ్డదా!" అని పకపకా నవ్వింది. పక్కావిడను చూసి, "నీ కాయలు కూడా తేవే, చూద్దాం," అంది.

ఈసారి నేను ముందుగా ఎంజైము లేని పలక చేతిలోకి తీసుకున్నాను.