కోట్లు విప్పని ఊరు

మా ఊరి నాటకశాలలో ఉమ్సునాయ్ అక్కది ప్రేక్షకుల కోట్లు తీసుకుని తగిలించే ఉద్యోగం. ముప్పై ఒక్కేళ్లు చేసింది. పేరుకే ఉద్యోగం! మా నరిన్ లోయలో చలికాలం ఎవడు గొర్రెతోలు కోటు విప్పి ఇచ్చి కూర్చుంటాడు? నెత్తిమీది టోపీ సంగతి సరేసరి. "నేను ఖాళీ కొక్కేలకి కాపలా" అని తనే నవ్వేది.

ఆ మాట ఎవరైనా చెవిన వేసుకుని ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు. నాటకశాల బాగుచేయడానికి రాజధాని బిష్కెక్ నుంచి నూర్దోస్ అనే ఇంజనీరు వచ్చాడు, అదీ జూలైలో. ఖాళీ హాల్లో బెలూన్లు పగలగొట్టి చూసి, ప్రతిధ్వని ఎక్కువైందంటూ గోడల నిండా చప్పుడు పీల్చే మెత్తటి పలకలు బిగించడం మొదలుపెట్టాడు. దీపాలు చూసుకునే నేను అక్కడే ఉన్నాను.

"బాబూ, జనవరిలో ఇక్కడ నాలుగొందల కోట్లు కూర్చుంటాయి. సగం మాట అవే మింగేస్తాయి. ఇంకా ఈ పలకలెందుకు?" అంది అక్క.

"కోట్ల సంగతి నువ్వు చూసుకో పిన్నీ, ధ్వని సంగతి నేను చూసుకుంటా."

వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. అయినా నోరు మూసుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ నా మీదే ఉంది.

జనవరిలో మొదటి ఆట. అక్క స్నేహితురాలు తుర్దుగుల్ నాయిక. ముప్పై ఏళ్లుగా మైకు లేకుండా చివరి వరుస దాకా పలికిన ఆ గొంతు ఆరో వరుస దాటలేదు. "గట్టిగా చెప్పమ్మా!" అని జనం కేకలు. అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. మర్నాడే మేనేజరు తేల్చేశాడు, వయసు మీద పడింది, ఇక పింఛను పుచ్చుకోమని.

అక్క అగ్గిమీద గుగ్గిలమైంది. తర్వాతి ఆదివారం ఆటకు ముందు, నిండిన హాల్లో, ఆట చూడ్డానికొచ్చిన నూర్దోస్ చెయ్యి పట్టి వేదిక మీదికి ఈడ్చుకొచ్చింది. "కుర్ర గొంతు కదా నీది! నీ పేరు చెప్పు, చివరి వరుస వినాలి!"

వాడు అరిచాడు. మళ్లీ అరిచాడు.

"ఏంట్రా అబ్బాయ్, నోరాడుతోంది గానీ మాట రాదే?" అని వెనక నుంచి ఒక ముసలాయన.

మార్చిలో పలకలు పీకేశారు. మేనేజరు మాత్రం, సంతకమైపోయింది, తుర్దుగుల్ పింఛను కాగితం పైకి వెళ్లిపోయింది అని చేతులు దులుపుకున్నాడు. తప్పు గోడలది, శిక్ష గొంతుకి! ఇదెక్కడి న్యాయం?

మళ్లీ ఆట వేసినప్పుడు నాయిక వేషం వేరే పిల్ల కట్టింది. తుర్దుగుల్, అక్క చివరి వరుసలో కూర్చున్నారు.

"ప్రతి మాటా వినబడుతోందే" అంది తుర్దుగుల్ మెల్లగా.

"నోర్ముయ్! వినబడుతోంది కాబట్టే నా కడుపు మండిపోతోంది" అంది అక్క.