మూకుట్లో గోదారి నీళ్లు

నా చిన్నప్పుడు, ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, మేం దానికి దిగువన గోదారి ఒడ్డున ఉండేవాళ్లం. చేపలు పట్టి, ఉప్పేసి ఎండబెట్టి అమ్ముకునే ఇల్లు మాది. ఉప్పు లేకపోతే మాకు గంజి కూడా పుట్టదు. ఓ వానకి చూరు కారి ఉప్పుకుండ నిండా నీళ్లయ్యాయి. ఉప్పంతా పోయిందని మా అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. మా తాతయ్య, అంటే అమ్మని కన్న తండ్రి, ఆ నీళ్లను మట్టి మూకుళ్లలో పోసి ఎండలో పెట్టాడు. మూడో నాటికి అడుగున తెల్లగా పేరుకుంది. "ఎక్కడికి పోతుందే, నీళ్లలోనే ఉంది" అన్నాడు అమ్మతో. నేను నాకి చూశాను. ఉప్పే.

ఆ చలికాలంలోనే అమ్మ జ్వరమొచ్చి మూడు రోజుల్లో పోయింది. నాకు ఏడేళ్లు. ఏడుపు రాలేదు. నా కాళ్లూ చేతులూ ఇంకెవరివో అన్నట్టుండేది. పెట్టింది తినేదాన్ని, పొమ్మన్న చోటికి పోయేదాన్ని. పిల్ల ఏడవకపోతే మంచిది కాదని చుట్టాలు నన్ను గిల్లి మరీ చూశారు. తాతయ్య అమ్మ బూడిదని గోదారిలో కలిపినప్పుడు నేనూ పడవలోనే ఉన్నాను. కాసేపు తెల్లగా కనిపించి, ఉప్పు కరిగినట్టే కరిగి మాయమైంది. నాకేం దిగులు వెయ్యలేదు. ఏం చెయ్యాలో నాకు తెలుసు.

మర్నాడు రేవులోకి దిగి మూకుడు నిండా గోదారి నీళ్లు ముంచుకొచ్చాను. కోళ్లు తాగకుండా, చేపలు ఎండేసే పందిరి మీద పెట్టాను. నీళ్లు ఎండేవి, అడుగున సన్నటి ఒండ్రు పొర మిగిలేది. మళ్లీ ముంచుకొచ్చేదాన్ని. అలా ఎన్ని రోజులో లెక్క లేదు. మొండిఘటాన్ని కదా, మానలేదు.

ఓ రోజు తాతయ్య చూసి "ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"అమ్మ. ఇంకా ఎండలేదు" అన్నాను.

ఆయన మూకుట్లోకి వంగి చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

తర్వాత ఓ పిడకని రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్క నీళ్లలో నాని విడిపోయాక, ఆ ముద్దని నా చేతే తట్టించి గోడకి కొట్టించాడు. రెండోది పొయ్యిలో కాల్చి, ఆ బూడిదనీ నా చేతే తడిపించి బిళ్ల చేయించాడు. రెండూ ఎండాక, పొయ్యిలో పెట్టి ఊదమన్నాడు. మొదటిది అంటుకుంది. రెండోదాన్ని దవడలు నొప్పెట్టేదాకా ఊదాను.

"ఇంకా ఎండాలేమో తాతయ్యా."

"ఎన్ని ఎండలు కాసినా అంతేనమ్మా. నానింది మళ్లీ పిడకవుతుంది. కాలింది అవదు."

ఆ మాట నాకు చెప్పినట్టు లేదు, తనకి తనే చెప్పుకున్నట్టుంది. నేను ఇంకోసారి గట్టిగా ఊదాను. బిళ్ల విరిగి బూడిదంతా నా కళ్లలో పడింది, నీళ్లు ధారగా కారాయి. పిల్ల ఏడ్చింది, ఇంక ఫరవాలేదని చుట్టాలంతా ఊపిరి పీల్చుకున్నారు. అది ఏడుపేం కాదు, బూడిద. అసలు ఏడుపు నా పెళ్లయిన ఎన్నాళ్లకో, ఓ రోజు చేపలకి ఉప్పు పట్టిస్తుంటే వచ్చింది.

మూకుట్లో నీళ్లని తాతయ్య పారబొయ్యలేదు. రెండు చేతులా పట్టుకుని రేవుదాకా నడిచి, మోకాలి లోతుకి దిగి, చుక్క ఒలక్కుండా గోదారిలో వదిలాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను.

ఇప్పుడు నాకు డెబ్భై దాటాయి. ఏది చేజారినా ముందు కరిగిందా, కాలిందా అని చూసుకుంటాను. కరిగిందైతే ఓపిగ్గా కాచుకుని కూర్చుంటాను. కాలిందైతే లేచి నా పని నేను చూసుకుంటాను. కానీ గోదారి నుంచి తెచ్చుకున్న నీళ్లు బిందె అడుగున గుక్కెడు మిగిలినా, వాటిని మాత్రం నేల మీద పారబొయ్యను. రేవుదాకా మోసుకెళ్లి, గోదారిలోనే వదిలి వస్తాను.